జిగురు చుక్క

జిగురు పెట్టాలన్న ఆలోచన ఉదయశ్రీది, అమ్మణ్ణిది కాదు. తరవాత హాల్లో మాట వేరేగా నడిచింది కాబట్టి ముందే చెప్పేస్తే మంచిది.

మాదాపూర్‌లో రంగనాథ్ కిరాయికి తీసుకున్న మేడ మీద పొడుగాటి హాలు ఉంది. కిటికీలోంచి చూస్తే కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల భవనం, దాని చుట్టూ ఇంకా ఎవరూ కదపని బండరాళ్ళు. హాల్లో జంపఖానాల మీద కూచుని ఆడవాళ్ళు పారాచూట్ తాడుతో చేతిపట్టీలు అల్లుతుంటారు. తాడు జీడిమెట్ల నుంచి చుట్టలు చుట్టలుగా వస్తుంది. పట్టీలు బెంగుళూరు ఏజెంటు చేతిమీదుగా విదేశాలకు పోతాయి. అక్కడ కొండలెక్కేవాళ్ళు, అడవుల్లో తిరిగేవాళ్ళు వాటిని గడియారంలా మణికట్టుకి పెట్టుకుంటారు. ఏ లోయలోనో ఇరుక్కుపోతే పట్టీని విప్పుకుంటారు, బారల కొద్దీ తాడు చేతికొస్తుంది. ఈ సంగతి రంగనాథ్ మొదటిరోజే చెప్పాడు. అందరూ విన్నారు, పనిలో పడి మరిచిపోయారు. అల్లేవాళ్ళకి అల్లికే లోకం. దాన్ని విప్పేవాడు ఎవడో, ఏ దేశంలో ఉన్నాడో వాళ్ళకేం పట్టింది?

ఉదయశ్రీకి ఈ ముడి కొత్తది కాదు. ఎడమ పోగు పైనుంచి, కుడి పోగు కిందనుంచి, మళ్ళీ దానికి ఎదురు. పెళ్ళికి ముందు కొవ్వూరులో వేసవి సెలవుల్లో మాక్రమే అనే తాళ్ళ అల్లిక క్లాసుకి వెళ్ళి గుడ్లగూబలూ, పూలకుండీలు వేలాడదీసే ఉట్లూ ఇదే ముడితో కట్టింది. కొస కనబడిందంటే పని రానట్టే లెక్క అని ఆ టీచరు రోజూ వాయించేది. కొసని సూదితో ముళ్ళ కిందికి దూర్చాలి, జిగురు చుక్క వెయ్యాలి, ఆరేదాకా నొక్కి పట్టాలి. ఇంక ఆ ముడి ఈ జన్మకి ఊడదు.

రంగనాథ్ ఇచ్చిన నమూనా పట్టీలో కొసలు ఊరికే కత్తిరించి, కొవ్వొత్తి మంటకి చూపించి, కరిగినచోట వేలితో అదిమి వదిలేశారు. ఉదయశ్రీ కంటికి అది మరీ మొరటుగా కనిపించింది. పైగా పక్కన కూచునే అమ్మణ్ణికి రోజూ వేళ్ళు కాలేవి. కరిగిన నైలాను చర్మానికి అంటుకుందంటే చర్మంతో సహా ఊడివస్తుంది. అమ్మణ్ణి వేలు నోట్లో పెట్టుకుని, ఆ నైలాను కనిపెట్టినవాణ్ణి వాడి ఇంటిల్లిపాదితో సహా తిట్టి, మళ్ళీ పట్టీ అందుకునేది. చూడలేక ఒకనాడు ఉదయశ్రీ సంచిలోంచి జిగురు గొట్టం తీసింది.

"ఇలా చెయ్యండి అమ్మణ్ణిగారూ. చెయ్యి కాలదు, చూడ్డానికీ బాగుంటుంది."

అమ్మణ్ణి ఆ పట్టీని కిటికీ వెలుతురుకి తిప్పి తిప్పి చూసింది. "బాగుండాది మేడం. కొస యాడికి పోయిందో దేవునికే తెలియల్ల," అంది.

అప్పట్నుంచి ఆ హాల్లో ఇద్దరి పట్టీలకి కొసలు లేవు.

అమ్మణ్ణిది ప్రొద్దుటూరు వైపు. నలభై దాటిన మనిషి, చేతివేగం మాత్రం పదహారేళ్ళ పిల్లది. భర్త పోయాక అన్న వెంట లింగంపల్లి వచ్చి, అన్న తిరిగి ఊరెళ్ళిపోయినా తను ఉండిపోయింది. ఉదయశ్రీ కూడా లింగంపల్లిలోనే ఉంటుంది. సాయంత్రం ఇద్దరూ ఒకే సెవెన్ సీటర్ ఆటోలో ఇరుక్కుని కూచునేవాళ్ళు. దారి పొడుగునా ఉదయశ్రీ మాట్లాడుతూనే ఉండేది. పొద్దున్న పాలు విరిగిపోవడం, కొవ్వూరు నుంచి వచ్చిన ఫోను, ఇడ్లీ పిండి పులవకపోవడం, ఏదైనా సరే. అమ్మణ్ణి వినేది, మధ్యలో ఒక విసురు విసిరి నవ్వించేది. స్టేషన్ దగ్గర ఆటో దిగేవాళ్ళు. నాలుగు అడుగులు వేశాక మూల మీద మందుల షాపు. అక్కడికి రాగానే ఉదయశ్రీ "వస్తానండి" అని కుడివైపుకి తిరిగేది. అమ్మణ్ణి పట్టాలు దాటి అవతలికి వెళ్ళేది.

ఒకసారి అమ్మణ్ణి తల ఎత్తి చూసి అడిగింది, ఆ పచ్చ గ్రిల్లు వేసిన మూడో అంతస్తు వాళ్ళదేనా అని. అవునండి అంది ఉదయశ్రీ. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

పచ్చ గ్రిల్లు వెనక రెండు గదులు, ఒక హాలు, ఒక టీవీ. భర్త చైతన్య పొద్దున్న కంపెనీ బస్సెక్కితే ఎప్పుడొస్తాడో వాళ్ళ మేనేజరుకే తెలియదు. రెండు వేల సంవత్సరం వచ్చేలోపల పాత ప్రోగ్రాముల్లో తారీఖులన్నీ సరిచెయ్యాలని వాళ్ళ ఆఫీసు మొత్తం పూనకం వచ్చినట్టు పనిచేస్తోంది. మంచివాడే, ఇంట్లో లేడు, అంతే. పక్క ఫ్లాటుకి తాళం. ఎదురు ఫ్లాటువాళ్ళు తలుపు తీసి, చెత్తబుట్ట బయట పెట్టి, తలుపు వేసుకుంటారు. పనికి మనుషులు కావాలని రంగనాథ్ పెట్టిన బోర్డు చూసి హాల్లోకి అడుగుపెట్టక ముందు ఉదయశ్రీ కొన్ని రోజులు పాలవాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడకుండా గడిపేసింది. ఆ రోజులు ఆమెకి బాగా గుర్తు.

బుధవారం బెంగుళూరు నుంచి ఏజెంటు మనిషి వచ్చాడు. ప్రశాంత్ అని, కుర్రవాడే, మాట మెత్తన. హాలు మధ్య కుర్చీ వేయించుకుని కట్టలు తెమ్మన్నాడు. ఎవరి పట్టీల కట్టకి వాళ్ళు తమ రంగు గుడ్డపీలిక కట్టుకోవడం అక్కడి పద్ధతి. వాళ్ళ పక్కన అల్లే మొగిలమ్మది పసుపు, అమ్మణ్ణిది ఎరుపు, ఉదయశ్రీది నీలం.

ప్రశాంత్ ముందు మొగిలమ్మ పట్టీ ఒకటి తీశాడు. గోటితో కరిగిన కొసని పెకలించి, పోగు పట్టుకు లాగాడు. ముడి వెంట ముడి ఊడుతూ తాడంతా ఒళ్ళో కుప్ప పడింది. అందరూ నవ్వారు. మొగిలమ్మ ముక్కు మీద వేలేసుకుంది, తన సగం పూట పని కళ్ళముందే అట్లా పోయినందుకు. ప్రశాంత్ తలూపి, ఎరుపు పీలిక కట్ట అందుకున్నాడు.

గోరు పెట్టాడు. కొస దొరకలేదు. తిప్పి చూశాడు. బాల్‌పెన్ను మొనతో పొడిచాడు. పన్నుతో కొరికాడు. ఇంకోటి తీశాడు, ఇంకోటి. హాల్లో నవ్వులు ఆగాయి.

"ఇది విప్పుకోవాల్సిన వస్తువు సార్," అన్నాడు రంగనాథ్‌తో. "కాలు విరిగి పడున్నవాడు అడవిలో సూదులూ కత్తెర్లూ ఎక్కడ వెతుక్కుంటాడు? పైకి ఎంత అందంగా ఉంటే ఏం లాభం? వీటితో మనిషి చచ్చిపోతాడు."

రంగనాథ్ మొహం కందిపోయింది. అతను చెడ్డవాడు కాదు, కంగారు మనిషి. కంగారులో గొంతు లేస్తుంది. జిగురు పెట్టమని ఎవరు చెప్పారని అమ్మణ్ణిని అందరిముందూ నిలదీశాడు.

అమ్మణ్ణి ఒక్కసారి ఉదయశ్రీ వైపు చూసింది. ఎక్కువసేపు కాదు. పక్కనున్న మనిషి ఉందో లేదో చూసుకున్నట్టు చూసి, తల తిప్పుకుంది.

"ఎవురూ చెప్పల్యా సార్. నేనే పెట్టినా."

ఉదయశ్రీ నోరు తెరిచింది. మాట నాలిక మీదకి వచ్చింది కూడా. అది బయటికి రాకముందే కళ్ళముందు పచ్చ గ్రిల్లు, టీవీ, ఎదురు ఫ్లాటు మూసిన తలుపు వరసగా కనిపించాయి. నోరు మూసుకుంది.

ప్రశాంత్ నీలం పీలిక కట్ట మీద చెయ్యి వేశాడు. రంగనాథ్ అడ్డుపడ్డాడు. "మేడం గారివి చూడాల్సిన పన్లేదు సార్. చదువుకున్నావిడ. ఆమె భర్త సాఫ్ట్‌వేర్ ఇంజనీరు." ప్రశాంత్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఎరుపు కట్టలన్నీ మూలకి విసిరేశారు. రేపటినుంచి రావద్దని అమ్మణ్ణికి రంగనాథ్ చెప్పిన మాట హాలంతా విన్నది. అమ్మణ్ణి తన కత్తెరా, నీళ్ళసీసా, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుంది. కొవ్వొత్తి ముక్కని మొగిలమ్మ ముందు పెట్టి, వేళ్ళు జాగ్రత్త అని మెట్లు దిగింది. ఆ సాయంత్రం ఆటోలో ఉదయశ్రీ పక్కన ఎవరో సిమెంటు బస్తా పెట్టుకుని కూచున్నాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఉదయశ్రీ నీలం కట్టలన్నీ అడిగి తీసుకుంది. కొసలు ఒకసారి సరిచూసి తెస్తానంది. రంగనాథ్ మురిసిపోయాడు. "చూసినారా, పనంటే ఇట్లుండల్ల," అని హాలందరికీ వినబడేలా అన్నాడు. తలలు వంచుకుని అల్లుతున్నవాళ్ళెవరూ తలెత్తలేదు. ఉదయశ్రీ చూపు మూలకి పోయింది. ఎరుపు కట్టలు అక్కడే పడి ఉన్నాయి. రంగనాథ్ ఫోనులో ఉన్నప్పుడు వాటిని కూడా సంచిలో వేసుకుంది.

ఇంట్లో భోజనాల బల్ల మీద కాగితం పరిచి కూచుంది. జిగురు ఆరి గాజులా గట్టిపడింది. దబ్బనంతో పొడిస్తే దబ్బనం జారింది. బ్లేడుతో గీస్తే తాడు పైపొర చిరిగి లోపలి తెల్లపోగులు బయటికొచ్చాయి. చివరికి మార్గం తెలిసింది. ఆఖరి ముళ్ళని జిగురుతో సహా కోసేయాలి, కొత్త కొసలు లాగాలి, మంటకి చూపించి అదమాలి. మొదటి పట్టీకే బొటనవేలు కాలింది. రెండోదానికి చూపుడువేలు. వేలు నోట్లో పెట్టుకుంది. తిట్టడానికి ఆమెకి అమ్మణ్ణికి వచ్చినన్ని తిట్లు రావు.

మధ్యాహ్నం ఒక పట్టీని పూర్తిగా విప్పి చూడాలనిపించింది. కొస పట్టుకు లాగుతూ వెనక్కి నడిచింది. ముళ్ళు ఊడుతున్నాయి, తాడు సాగుతోంది. బల్ల దగ్గర మొదలై, హాలు దాటి, బాల్కనీ గుమ్మం దాకా వచ్చింది. ఇంత తాడు ఆ బెత్తెడు పట్టీలో ఉందా అనుకుంది. అనుకుని, ఎవరికైనా చూపిద్దామని చుట్టూ చూసింది. టీవీ మీద దుమ్ము కనిపించింది. ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఆపుకోడానికి అక్కడ చూసేవాళ్ళెవరని?

శుక్రవారం హాలుకి వెళ్ళనేలేదు. ఆ సాయంత్రం చైతన్య కాస్త పెందలాడే వచ్చాడు. బల్ల నిండా పట్టీలు, తాడు ముక్కలు, కొవ్వొత్తి మసి. కట్టినవి మళ్ళీ విప్పుతున్నావేంటి అని నవ్వి, తన ఆఫీసులోనూ అదే పని జరుగుతోందన్నాడు. ఎవరో ఎప్పుడో సుఖంగా ఉంటుందని సంవత్సరానికి రెండంకెలే వేసి ఊరుకున్నారట, ఇప్పుడవి అందరి ప్రాణాలూ తోడేస్తున్నాయట. ఆమె కంచంలో కూర వేస్తుంటే వేళ్ళు చూశాడు. ఏమైందని అడిగాడు. చెబుదామనే అనుకుంది. ఈలోపు పేజరు మోగింది, అతను మెట్ల కింద ఎస్టీడీ బూత్‌కి పరుగెత్తాడు. కూర చల్లారిపోయింది.

శనివారం ఉదయశ్రీ రెండు సంచులు మోసుకుని మేడ ఎక్కింది. రంగనాథ్ నీలం కట్టలోంచి ఒక పట్టీ తీసి కొస లాగి చూశాడు. సులువుగా ఊడింది. ఎరుపు కట్ట అతను గమనించలేదు.

"మేడం, నేనొకటి అనుకున్నా," అన్నాడు. "సోమవారం నుంచి మీరు అల్లొద్దు. అందరివీ మీరే చూడండి. మీకోసం ఆ కిటికీ కాడ ఒక కుర్చీ, బల్ల వేయిస్తా. ఇట్లాంటి పొరపాటు మళ్ళా జరగకుండా చూసేదానికి మీలాంటి మనిషి ఉండల్ల."

కుర్చీ, బల్ల. జంపఖానా మీద కాదు, ఎవరి పక్కనా కాదు.

"ఆ పొరపాటు నాదేనండి," అంది ఉదయశ్రీ. "జిగురు పెట్టమని అమ్మణ్ణిగారికి నేనే చెప్పాను. నా పట్టీలకీ పెట్టాను. మీరు నావి చూడనివ్వలేదు, నేను నోరెత్తలేదు. ఈ ఎరుపువి ఆవిడవే. సరిచేసి తెచ్చాను, ఊడతాయి, చూసుకోండి."

రంగనాథ్ చేతిలో పట్టీని అటూ ఇటూ తిప్పాడు. తిడతాడనుకుంది. పొమ్మంటాడనుకుంది. ఆటోలో ఆ మాట కోసమే గుండె దిటవు చేసుకుంటూ వచ్చింది.

"పోనీలెండి మేడం," అన్నాడు చివరికి. "సరుకు బాగైంది గదా. ఆమెను కూడా రమ్మనండి. దానికేముంది." జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకుని, ఫోను మోగుతోందని లోపలికి వెళ్ళిపోయాడు.

అమ్మణ్ణి మీద అంత ఎత్తున లేచిన గొంతు ఆమె మీద లేవనేలేదు. మూడు రోజులుగా తిండి సయించనివ్వని నేరం ఒక రుమాలు తుడుపుతో తేలిపోయింది. ఉదయశ్రీకి తేలికపడ్డట్టు లేదు. చెంప మీద కొట్టినా బాగుండేదనిపించింది.

హాలు వైపు తిరిగింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. అల్లుతున్న చేతులు అల్లుతూనే ఉన్నాయి. మొగిలమ్మ మాత్రం పట్టీ ఒళ్ళో పెట్టుకుంది.

"మాకెర్కే మేడం. మీరు ఆమెకు జిగురు గొట్టం ఇచ్చినప్పుడు నేను గీడనే కూసున్న."

"మరి ఎవరూ చెప్పలేదేం?"

"అమ్మణ్ణే వద్దన్నది. గా దినం పోతా పోతా నా చెవుల చెప్పి పోయింది, మేడం పేరు ఎత్తకుండ్రి అని."

"ఎందుకని?"

"గది ఆమెనే అడుగుండ్రి," అంది మొగిలమ్మ, పట్టీ అందుకుంటూ.

పట్టాలు దాటితే రేకుల ఇళ్ళ వరస. అడిగితే మూడో ఇల్లు చూపించారు. తాళం వేసి ఉంది. ఉదయశ్రీ గుమ్మం పక్కన అరుగు మీద కూచుంది. పక్కింటావిడ వచ్చి మంచినీళ్ళిచ్చి, ఎవరు, ఎక్కడినుంచి, పిల్లలెంతమంది అని అడిగి, చాట తెచ్చుకుని ఆమె పక్కనే బియ్యం ఏరుకుంటూ కూచుంది. రైళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. పొద్దు వాలుతుండగా అమ్మణ్ణి వచ్చింది. అరుగు మీద మనిషిని చూసి ఆగి, తాళం తీసి, బయట బక్కెట్లో నీళ్ళతో కాళ్ళు కడుక్కుంది.

ఉదయశ్రీ లేచి నిలబడే చెప్పింది. రంగనాథ్‌గారికి అంతా చెప్పేశాననీ, ఎరుపు కట్టలు సరిచేశాననీ, సోమవారం నుంచి రమ్మన్నారనీ. తడబడుతూ, ముందుదాన్ని వెనకా వెనకదాన్ని ముందూ చెప్పింది. అమ్మణ్ణి ఆమె వేళ్ళు చూసింది. లోపలికి వెళ్ళి చిన్న సీసాలో కొబ్బరినూనె తెచ్చి చేతిలో పెట్టింది.

"చెప్పినావా, మంచిది. నా పేరు మింద తప్పు పోయింది. అదొకటి మనసులో ఉన్నింది," అంది. "పనికి మాత్రం రాను. జీడిమెట్లలో మందుల ప్యాకింగుకి కుదిరినా. వాళ్ళదే బస్సు."

వాళ్ళదే బస్సు అంటే ఇంక సాయంత్రం ఆటో లేదని ఉదయశ్రీకి అర్థమైంది. తను ఇంత దూరం వచ్చింది క్షమించమనడానికేనా, ఆటోలో తన పక్క సీటు నింపుకోడానికా? తనకే తెలియలేదు.

"నా మీద కోపం లేదా అండి?"

"లేకేమి? రెండు దినాలు నిద్దర పట్టల్యా."

"మరి ఆ రోజు నా పేరు ఎందుకు చెప్పలేదు?"

అమ్మణ్ణి గడప మీద కూచుంది.

"నీ మొగం జూసినా. నెత్తురు చుక్క లేదు. నన్ను పొమ్మంటే నేను ఇంగోకాడ చేర్తా, పని నాకు యాడైనా దొరుకుతాది. నిన్ను పొమ్మంటే నువ్వు యాడికి పోతావు? ఆ మూడో అంతస్తు మిందికే గదా. ఆటోలో దారి పొడుగునా గుక్క తిప్పుకోకుండా మాట్లాడతావు. స్టేషన్ కాడ దిగుతానే నోరు మూసుకుంటావు. ఇంగ మర్నాటిదాకా ఆ నోరు తెరవవని నాకు తెలీదా?"

పక్కింటావిడ చాట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"మీరు లేకపోతే ఆ హాల్లో నాకు..." అని ఉదయశ్రీ ఆగిపోయింది.

"పని కాడ లేకపోతే మనిషే లేనట్లా?" అమ్మణ్ణి గొంతులో మొదటిసారి కోపం వినిపించింది. "నీ ఇల్లు యాడో నాకు తెలుసు. ఆ మూల మింద నించి పచ్చ గ్రిల్లు కనపడతానే ఉంటాది. పిలిస్తే రానా? ఇన్నాళ్ళూ ఒక్క పొద్దన్నా రమ్మని పిలిచినావా?"

పిలవలేదు. ఇల్లు సర్దలేదనీ, చైతన్య పడుకుని ఉంటాడనీ, ఎదురు ఫ్లాటువాళ్ళు ఏమనుకుంటారోననీ, ఏ రోజు కారణం ఆ రోజుకి ఉంది. ఇప్పుడు వాటిలో ఒక్కటీ పైకి చెప్పేలా లేదు. రోజూ ఆటోలో అమ్మణ్ణి పక్కన కూచుని, ఒంటరిదాన్నని చెప్పకుండానే చెప్పుకుంది. తలుపు మూసుకున్నది మాత్రం ఎదురు ఫ్లాటువాళ్ళే, తను కాదు అనుకుంటూ వచ్చింది.

అమ్మణ్ణి లేచి తలుపు దగ్గరికి వేసింది. మసక పడుతోంది, పట్టాలు దాటిస్తానంది. ఇద్దరూ నడిచారు. గూడ్సు బండి పోయేదాకా ఆగి, కంకర మీద జాగ్రత్తగా అడుగులేసుకుంటూ ఇవతలికి వచ్చారు. మందుల షాపు మూల వచ్చింది. అలవాటుగా ఉదయశ్రీ కాళ్ళు ఆగాయి. అలవాటుగా నోట్లోకి ఆ మాట రానే వచ్చింది.

"వస్తా..." అంది, ఆగింది.

అమ్మణ్ణి నిలబడే ఉంది, కొంగు భుజం చుట్టూ కప్పుకుని. తొందర పెట్టలేదు, వెనక్కీ తిరగలేదు. పైన పచ్చ గ్రిల్లు వెనక దీపం లేదు. పొద్దున్న వదిలేసిన తాడు ముక్కలు బల్ల మీద అట్లాగే ఉంటాయి. గిన్నెలు తోమలేదు.

"రండి," అంది ఉదయశ్రీ.

"ఇప్పుడా?"

"ఇప్పుడేనండి."

అమ్మణ్ణి ఆమె మొహంలోకి చూసింది, బుధవారం నాడు చూసినట్టే. ఈసారి తల తిప్పుకోలేదు.

"పద పాపా," అంది.

ఇద్దరూ పచ్చ గ్రిల్లు వైపుకి తిరిగారు. మెట్ల దగ్గర అమ్మణ్ణి చెప్పులు విప్పబోతుంటే, పైదాకా వేసుకుని రండి అని ఉదయశ్రీ తాళంచెవుల కోసం సంచి వెతుక్కుంది.